ఊరూ పేరూ అడగని ఇల్లు

జైలు లేదు. లాయరు మురళీధరన్ ఆ మాట చెప్పి పావుగంటయింది, అయినా గోవిందమ్మ ఇంకా బెంచీ మీంచి లేవలేదు. పోనీ, జైలుకు పోయే కాళ్ళు కావు కదా ఇవి, ఇంటికి పోయే కాళ్ళు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు. "కిడ్నాప్ కేసు నిలవదమ్మా. ఎవురూ పిలవలేదు, నేనే పోయినానని ఆ బిడ్డ లోపల చెప్పేసింది. ఇంక కవలై వద్దు, దిగులు పడొద్దు. మీ వాంగ్మూలం టైపు చేయించుకోనొస్తా, సంతకం పెట్టేసి ఇంటికి పోవచ్చు" అన్నాడాయన, అని చంకలో ఫైలు ఇరికించుకుని చరచరా వెళ్ళిపోయాడు, పదకొండు రోజులుగా ఆమె గుండెల మీద ఉన్న కుంపటిని అంత తేలిగ్గా దించేసి. పొద్దున ఈ తిరువళ్ళూరు ఆఫీసుకు వచ్చినప్పుడు ఇక్కడ గోడలున్నాయని కూడా ఆమెకు తెలియలేదు. ఇప్పుడు కనిపిస్తున్నాయి, ఆకుపచ్చ రంగు గోడలు, వాటి మీద పలక పట్టుకున్న పిల్లల బొమ్మలు, పిల్లల సంక్షేమ కమిటీ అని తమిళంలో పెద్ద బోర్డు. ఎవరో టిఫిను డబ్బా తెరిచారు, నిమ్మకాయ పులిహోర వాసన, అబ్బ, ఆకలి! సిగ్గులేని కడుపు, పదకొండు రోజులు నీళ్ళు కూడా వద్దని మొండికేసి, జైలు లేదనగానే పులిహోర కావాలంటోంది. పక్కన మొగుడు దేవరాజులు ఇస్త్రీ పంచె నలగకుండా నిటారుగా కూర్చునే కునుకు తీస్తున్నాడు, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, పాపం రాత్రంతా నిద్రపోలేదు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. బతికిపోయాం మామా, లేచి చూడు, బతికిపోయాం, అనుకుంది గాని లేపలేదు.

పిల్లల్ని పట్టే ముసల్ది. ఆ మాట ఊళ్ళో ఎవరు మొదలుపెట్టారో గాని పాలు తెచ్చే అమ్మి కూడా గడప అవతలే చెంబు పెట్టి పోయింది. ముసల్దేమిటి, యాభై తొమ్మిదికే? అయినా ఆ ఇంటికా ఆ పేరు! తిరుత్తణికి ఇవతల, చిత్తూరు రోడ్డు మీద, ఆడి నెలలో కృత్తిక వస్తే కొండకు మొక్కు తీర్చుకోను పోయే కావడి సాములకు తిన్నె మీద చాపలు పరిచి, మజ్జిగ కుండలు పెట్టి, మూడు పూటలా అన్నం పెట్టే ఇల్లు అది, ఎవరి కాలం నుంచో లెక్క తెలియదు. మామిడితోట అమ్ముకున్న ఏడు కూడా పొయ్యి ఆరలేదు. ఆమె కోడలుగా వచ్చిన కొత్తలో, కాళ్ళకు నీళ్ళిస్తూ ఒక కావడి సామిని నోరు ఊరుకోక "యా ఊరు సామీ మీది?" అని అడిగింది. ఇంట్లోంచి అత్త వచ్చి నెత్తిన ఠంగున ఒక మొట్టికాయ వేసింది. అత్త అంటే కన్నతల్లి తల్లే, అమ్మమ్మే, మేనమామను కట్టుకుంటే అంతే కదా, మొట్టికాయ వేసేందుకు రెండు హక్కులు. "మాల మెడలో ఉన్నంత కాలం మనిషికి ఊరు లేదు, పేరు లేదు, కులం లేదు. సామి, అంతే. అడిగితే ఆ పుణ్యం కాస్తా ఊడ్చుకోని పోతాది" అంది. నెత్తి నొప్పి రెండు రోజుల్లో పోయింది గాని ఆ మాట నలభై నాలుగేళ్ళుగా పోలేదు. పోలీసు స్టేషన్లో ఇదే చెబితే ఇన్‌స్పెక్టరు రాసుకోవడం ఆపి తలెత్తి చూశాడు, ఆరు దినాలు ఒక మైనర్ బిడ్డ మీ ఇంట్లో ఉంటే పేరు కూడా అడగలేదా ముసలమ్మా, ఎవరికి చెప్తారు ఈ కథ, అన్నాడు. ఆయన తప్పేముంది, ఆయనది మదురై పక్కట, ఈ ఇంటి సంగతి ఆయనకేం తెలుసు.

కృత్తికకు ముందు రోజు, భరణి నాటి సాయంత్రం వచ్చింది ఆ పిల్ల. అరోహరా అంటూ పూల కావడులు మోసుకుని చిత్తూరు వైపు నుంచి ఒక జట్టు వచ్చి దిగితే, వాళ్ళ వెనకే వచ్చింది, పసుపు రంగు పావడా ఓణీ, మెడలో మాల, భుజాన బడి సంచి. ఆ జట్టులో మనిషే అనుకుంది గోవిందమ్మ. వాళ్ళేమో ఈ ఇంటి పిల్ల అనుకున్నారట, చూడండి ఎంత బాగుందో! కాళ్ళకు నీళ్ళిచ్చింది, సాంబారు అన్నం పెట్టింది, "తిను సామీ, ఇంకొంచెం వేసుకో సామీ" అంది. మూడుసార్లు వేయించుకుని తింది. మర్నాడు కృత్తిక, అందరూ తెల్లవారుజామునే కొండెక్కారు, దేవరాజులు కూడా ఎక్కాడు, తెప్ప తిరునాళ్ళ మూడు రోజులూ జనం వస్తూ పోతూ ఉన్నారు, ఆ మర్నాడు తిన్నె ఖాళీ అయింది, చాపలన్నీ దులిపి చుట్టేశారు, ఆ పిల్ల మాత్రం మాల తియ్యలేదు. మాల మెడలో ఉన్నంత కాలం ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అడగరని కనిపెట్టేసింది గడుగ్గాయి. ఆరోనాడు పొద్దున తానే వచ్చి వంటింట్లో కూర్చుని చెప్పింది, ఆత్తిపట్టు నుంచి వచ్చానని, పదకొండో తరగతని, తండ్రికి కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని అని, ఆడి పోయి ఆవణి నెల వస్తే ముప్పై ఒక్కేళ్ళ మేనమామకు ఇచ్చి కట్టబెడతారని, బడి మానిపించేశారని. విన్నాక గోవిందమ్మ బస్టాండు గోడ మీద అంటించిన పిల్లల హెల్ప్‌లైన్ నెంబరు గుర్తు తెచ్చుకుని ఫోన్ చేసింది. తానే చేసింది. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు, పోలీసుల వెనక తండ్రి వచ్చాడు, ఈ ముసల్దే నా బిడ్డను ఫోన్లో మాయమాటలు చెప్పి పిలిపించుకుంది అని వాకిట్లో మన్నెత్తి పోశాడు, సాయంత్రానికి కేసు. పద్దెనిమిది నిండని బిడ్డను తల్లిదండ్రుల దగ్గర నుంచి తప్పించడం, ఏడేళ్ళ దాకా వేయొచ్చట. ఆ పిల్లను తిరువళ్ళూరు హోముకు తీసుకుపోయారు. "నువ్వు ఫోన్ చేయకుంటే ఎవురికి తెలిసేది?" అని దేవరాజులు ఆ రాత్రి ఒకే ఒక్కసారి అన్నాడు, మళ్ళీ అనలేదు.

అదంతా అయిపోయింది. అయిపోయిందని ఇంకోసారి అనుకుంది, ఎన్నిసార్లు అనుకున్నా తియ్యగానే ఉంది. ఇంటికి పోతూ దారిలో ఇడ్లీ తినాలి, రెండు కాదు, నాలుగు. అంతలో మురళీధరన్ వచ్చాడు, వేడివేడిగా రెండు కాగితాలు, తమిళంలో. "చదవతా వినండమ్మా" అని బెంచీ చివర కూర్చుని చదివాడు. మాల వేసుకుని వచ్చిన వారిని వివరాలు అడగకపోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆరవ రోజు ఆ బాలిక స్వయంగా చెప్పే వరకు ఆమె ఇల్లు విడిచి వచ్చినదని నాకు ఏమాత్రం తెలియదు. తెలిసిన వెంటనే ఫోన్ చేశాను. "ఈ తెలియదు అన్న మాటే ముఖ్యం" అన్నాడు పెన్ను మూత తీస్తూ, "ఇంట్లోంచి వచ్చేసిన బిడ్డ కనపడితే ఇరవై నాలుగు గంటల్లో చెప్పల్ల, అది ఇంకొక చట్టం. తెలిసీ చెప్పకుంటే ఆరు నెలలు, లేకుంటే పదివేలు, లేకుంటే రెండూ. మీకు ఆరోరోజే కదా తెలిసింది, అందుకని అదీ లేదు." అవును, ఆరోరోజే. ఆయన ఎప్పుడు తెలిసిందమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాటే అది, ఆయన కల్పించింది కాదు. పెన్ను చేతికి వచ్చింది. గోవిందమ్మ దాన్ని పట్టుకుని, కళ్ళద్దాలు మరిచిపోయాను, కొంచెం సేపు ఉండండి సార్, అంది. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఆయన వాటిని చూసి కూడా కాఫీకి వెళ్ళాడు, మంచివాడు.

రెండోనాడే తెలుసు. ఎవరికి చెబుతుంది ఈ మాట? కృత్తిక నాడు ఊరంతా కొండ మీద ఉంటే, ఇంట్లో తానూ ఆ పిల్లా ఇద్దరే. రోలు మీద కూర్చుని, కాలి మడమ మీద బొబ్బ గిల్లుకుంటూ, "అవ్వా, కొండ ఎక్కకుంటే తప్పా?" అని అడిగింది. మొక్కుకుని మాల వేసుకున్న మనిషి కాళ్ళు విరిగినా డేక్కుంటూ ఎక్కుతుంది, తప్పా అని అడగదు. ఆ బొబ్బ కూడా వట్టి కాళ్ళతో నడిచిన బొబ్బ కాదు, బడి బూట్లు కరిచిన బొబ్బ. గోవిందమ్మ గరిటె పట్టుకుని ఆ పిల్లను చూసింది, ఆ పిల్ల గోవిందమ్మను చూసింది. అంతే, ఇద్దరికీ తెలిసిపోయింది. యా ఊరు బిడ్డా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, గుటుక్కున మింగేసింది, మింగి "ఎక్కకుంటే ఏమిలే సామీ, ఇంగువ ఎక్కువైందేమో, ఈ రసం రుచి చూసి చెప్పు" అంది. అత్త మొట్టికాయకు భయపడి కాదు, అదంతా ఉత్తిది. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే ఏదో ఒకటి చేయాలి, చేస్తే ఈ పిల్ల తింటున్న అన్నం ఆగిపోతుంది. అందుకని అడగలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆ నాలుగు రోజులూ భుజాలు తడుముకుంటూనే తిరిగింది.

శోళవరంలో, మేనత్త ఇంట్లో, ఆ రోజు చేపల పులుసు. ఎన్నేళ్ళయినా ఆ పులుసు వాసన వస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పదిహేనేళ్ళు అప్పుడు తనకు. ముహూర్తం పెట్టేశారు, మేనమామే కదా, తెలిసిన ఇల్లే కదా, ఏడుపెందుకు అన్నారు, ఇరవై ఏడేళ్ళ మేనమామ, మీసాలున్న మేనమామ. రెండు బస్సులు మారి, చెరువు కట్ట వెంబడి నడిచి, మేనత్త ఇంటికి పోయింది, మేనత్త అంటే ప్రాణం. మేనత్త కావలించుకుంది, అన్నం కలిపి పెట్టింది, తల నిమిరి "ఎన్ని దినాలైనా ఉండు తల్లీ, నేనుండా కదా" అంది, ఆ మాట విని హాయిగా కళ్ళు మూసుకుంది. మేనత్త మొగుడు అప్పటికే బస్సెక్కేశాడు. పొద్దుగుంకేసరికి నాన్న గుమ్మంలో ఉన్నాడు. మేనత్త చచ్చిపోయే దాకా ఎక్కడ కనిపించినా ఒకటే మాట, నాకేం తెలుసే అమ్మా, ఊరికే చూసిపోను వచ్చినావనుకున్నా. నాకేం తెలుసే. ఇరవై నాలుగు గంటలు ఇచ్చిందట చట్టం, ఒక పగలూ ఒక రాత్రీ, ఎవరు రాశారో గాని పెద్ద మనసుతో రాశారు, మేనత్త ఒక్క మధ్యాహ్నం కూడా ఇవ్వలేదు. ఆ ఇరవై నాలుగు గంటలూ అయ్యాక ఇంకా మూడు రోజులు తాను దొంగిలించింది, అది వేరే మాట. ఇప్పుడు ఈ కాగితం మీద నాకు తెలియదు అని సంతకం పెడితే, లోపల దాన్ని ఆ పిల్ల ముందరే చదువుతారు. అప్పుడు ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఓహో, ఈ అవ్వ అన్నం పెట్టింది మెడలో మాలకా, నాకు కాదా, అనుకోదూ? రోలు దగ్గర నేను చూసిన చూపు ఈమె చూడనే లేదా, అనుకోదూ?

"సంతకం పెట్టినావా?" దేవరాజులు కళ్ళు తెరిచాడు.

"లేదు మామా."

ఆయన కాగితం వైపు చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు. నలభై నాలుగేళ్ళు ఒక కంచంలో తిన్న మనిషి. చెడ్డవాడా? కాదు, ఏనాడూ చెయ్యెత్తలేదు, ఆమెకు టైఫాయిడ్ వస్తే పదహారు రోజులు తానే గంజి కాచి తాగించాడు. మంచివాడైతే మాత్రం, పదిహేనేళ్ళకు ఎవరు ఎవరిని ఎంచుకున్నారు గనుక! ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. కాసేపు పంచె అంచు సరిచేసుకుని, వరండా ఆ చివర ఒంటరిగా కూర్చుని ఉన్న ఆ పిల్ల తండ్రి దేవేంద్రన్‌ను చూస్తూ, "ఆ బిడ్డకు కూడా మేనమామనే అంట కదా" అన్నాడు.

"ఊఁ."

"నువ్వు శోళవరం ఎందుకు పోయినావో నాకు తెలుసే. పెళ్ళికి ముందే తెలుసు. తెలిసే తాళి కట్టినా. వొద్దని చెప్పిండాల్సింది. చెప్పలేదు. మా అమ్మ ఏమంటాదో అని."

గోవిందమ్మ ఆయన వైపు తిరిగింది. నలభై నాలుగేళ్ళ తర్వాత ఈ ఆఫీసు బెంచీ మీదా చెప్పడం, ఇంకెక్కడా దొరకలేదా ఈ మానవుడికి? నవ్వు వచ్చింది, కళ్ళు చెమర్చాయి. "నేను రెండోనాడే కనుక్కున్నా మామా, ఆ పిల్ల పారిపోయి వచ్చిందని. కాగితంలో తెలీదని రాసుండాది" అంది.

కునుకులోనే లాయరు మాటలు విన్నాడో ఏమో, దేవరాజులు కాగితం మీద వేలు పెట్టాడు. "ఆరు నెలలంటనా?"

"లేకుంటే పదివేలు."

"సరే, పద" అని మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. "తెలిసీ తెలీదని కూర్చున్నోడిని నేనొకణ్ణి చాలు ఇంట్లో."

మురళీధరన్ కాఫీ గ్లాసుతో ఎదురొచ్చి, సంగతి విని, తల పట్టుకున్నాడు. "అమ్మా, చేతికొచ్చినాక పారబోసుకుంటారా?" అన్నాడు, అని ఆమె మొహం చూసి, గ్లాసు కిటికీలో పెట్టి ఆయనే తలుపు తట్టాడు. లోపల పెద్ద బల్ల, బల్ల వెనక కమిటీ పెద్ద ఉషా మేడమ్, పక్కన ఇద్దరు సభ్యులు, ఒక మూల కుర్చీలో ఆ పిల్ల. గోవిందమ్మ చేతులు జోడించింది. తమిళం గడగడా మాట్లాడే మనిషికి ఆ క్షణంలో ఒక్క తమిళం ముక్క తోచలేదు, నోటికి తెలుగే వచ్చింది, మురళీధరన్ వెనక నుంచి తమిళంలో చెబుతూ పోయాడు. "ఆరోదినం అని చెప్పినాను మేడమ్, అది అబద్ధం. రెండోదినమే తెలుసు నాకు. ఈ బిడ్డ ఇల్లు వొదిలి వచ్చిందని తెలిసే ఇంట్లో పెట్టుకున్నా. మాలను చూసి అన్నం పెట్టలేదు, బిడ్డను చూసి పెట్టినా. చెప్పకపోవడం నా తప్పు, ఏం రాసుకుంటారో రాసుకోండి." చెబుతున్నది మేడమ్‌కే గాని చూపు ఆ మూలకే పోతోంది. ఆ పిల్ల తలెత్తింది. రోలు మీద కూర్చున్నప్పటి చూపే అది. చాలు, ఇంక ఆరు నెలలు వేసినా సరే.

ఉషా మేడమ్ కోపం చేసుకుంది, కోపం చేసుకోదా మరి. "ఆరు రోజులు!" అంది తమిళంలో. "ఆ ఆరు రోజులు ఈ బిడ్డ తల్లి ఏం చేసిందో తెలుసా మీకు? రైలు పట్టాల వెంబడి వెతికింది. ఆసుపత్రి శవాల గదికి రెండుసార్లు పోయి చూసి వచ్చింది. మీ ఇంట్లో ఉన్నది మంచివాళ్ళని మాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు ఆమెకు ఎట్లా తెలుస్తుంది? మంచివాళ్ళు కాని ఇంట్లో పడి ఉంటే?" గోవిందమ్మ జోడించిన చేతులు దించింది. తల్లి. ఆ ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ తల్లి తలపుకు రాలేదే, ఎంతసేపూ శోళవరం గుమ్మంలో నిలబడిన నాన్నే కనిపించాడు గాని. ఆ మాట మాత్రం ముల్లులా దిగింది, ఇంటికి పోయినా ఉంటుంది, ఉండాల్సిందే. మేడమ్ కాసేపు కాగితాలు తిరగేసి, పక్కవాళ్ళతో మెల్లగా మాట్లాడి, చివరికి తల ఎత్తింది. ఆలస్యమైనా ఫోన్ చేసింది మీరే, నిజం వచ్చి చెప్పింది మీరే, అందుకని కేసు పెట్టమని నేను రాయను, హెచ్చరించి పంపుతున్నా, వచ్చే ఏడు ఎవరైనా బిడ్డ ఒంటరిగా వస్తే ఏం చేస్తారు, అని అడిగింది. "అన్నం పెడతా మేడమ్" అంది గోవిందమ్మ, "తినేసినాక ఊరూ పేరూ అడుగుతా. ఆ బిడ్డ ముందరే, ఆ బిడ్డకు చెప్పే ఫోన్ చేస్తా. వెనకాల చెయ్యను." మేడమ్ ఆ మాటను అట్లాగే రాయమని గుమాస్తాకు సైగ చేసింది. కొత్తగా రాసిన కాగితం మీద గోవిందమ్మ సంతకం పెట్టింది, ఈసారి కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది, ఎంత బాగుందో ఆ ఎండ! పెళ్ళి ఆగిపోయింది, పద్దెనిమిది నిండేదాకా చెయ్యనని దేవేంద్రన్ చేత రాయించుకున్నారు. పిల్ల తిరువళ్ళూరులోనే హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, ఆదివారం తల్లి వచ్చి చూడొచ్చు. దేవేంద్రన్ వాళ్ళను దాటి పోతూ ఆగాడు, దేవరాజులుకు మాత్రం ఒక నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆ మనిషి మీద కూడా ఇప్పుడు కోపం రావడం లేదు, ఏం చేసేది, మనసు చల్లబడితే కోపం కూడా నిలవదు. మళ్ళీ కరకరా ఆకలి. నాలుగు ఇడ్లీ, ఒక వడ కూడా, మామా, అని చెబుతూ ఉండగా తలుపు తెరుచుకుంది, హాస్టల్ ఆయమ్మ వెంట ఆ పిల్ల వచ్చింది, నీలం చుడీదారు, రెండు జడలు. ఆయమ్మ చెయ్యి విడిపించుకుని పరుగున వచ్చి ఆమె ముందు నిలబడింది, ఆయాసపడుతూ.

"అవ్వా, లోపల మొట్టమొదటే అడిగినారు, ఆమెతో ఫోన్లో ఎన్ని దినాలుగా మాట్లాడతా ఉన్నావు, ఆమె పేరేమి అని. నాకు తెలీదన్నా. ఆరు దినాలు ఉండినావు, పేరు తెలీదా అన్నారు. తెలీదు మేడమ్, నేను అవ్వా అంటా, ఆమె నన్ను సామీ అంటాది, అంతే అన్నా. మేడమ్ పెన్ను కింద పెట్టేసి మా నాయన తట్టు చూసినారు, ఫోన్ మాట ఉత్తిదని దాంతో తేలిపోయింది." ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "నీ పేరేమి అవ్వా?"

గోవిందమ్మ పైట సరిచేసుకుంది. అన్ని కాగితాల మీద రాసి ఉన్న పేరు, పోలీసులు పదకొండు రోజులుగా పిలుస్తున్న పేరు, ఇప్పుడు ఎవరిదో కొత్త పేరులా తోచింది. దేవరాజులు పక్క నుంచి మోచేత్తో పొడిచాడు.

"గోవిందమ్మ" అంది.

"గోవిందమ్మవ్వా, పోయొస్తా."

"పోయిరా తనుశ్రీ" అంది గోవిందమ్మ. పోలీసులు చెప్పగా తెలిసిన ఆ పేరుతో ఆ బిడ్డను పిలవడం అదే మొదటిసారి.